సింగర్ ఎవరండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో పాత పాటల మీద వచ్చే శీర్షికను వదలకుండా చదువుతాను. పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏ రాగం, హీరోయిన్ ఆ రోజు జ్వరంతోనే ఎలా డాన్స్ చేసింది, అన్నీ ఉంటాయి. పల్లవికి ముందు వచ్చే ఫ్లూట్ ఎవరు వాయించారో మాత్రం ఉండదు. నేను మద్రాసులో సినిమా రికార్డింగులకు చాలా ఏళ్లు వయొలిన్ వాయించినవాణ్ణి. సోలోలు కాదు, గుంపులో గోవిందా. కాబట్టి నా పేరు రాలేదన్న బాధతో రాస్తున్న ఉత్తరం కాదిది. ఆ ఫ్లూట్ ఆయన తరఫున రాస్తున్నాను.

అమెరికాలో ‘ఇమ్మీడియట్ ఫ్యామిలీ’ అని ఒక బ్యాండు ఉంది. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీని ఈమధ్య మా అబ్బాయి చూపించాడు. గిటార్లు డానీ కోర్చ్‌మార్, వాడీ వాచ్‌టెల్, స్టీవ్ పోస్టెల్. బేస్ గిటార్ లీలాండ్ స్క్లార్, డ్రమ్స్ రస్ కంకెల్. పోస్టెల్ తప్ప మిగతా నలుగురూ 1970ల నుంచి లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో కాల్షీట్ల మీద బతికినవాళ్లు. జేమ్స్ టేలర్, క్యారోల్ కింగ్, జాక్సన్ బ్రౌన్, లిండా రాన్‌స్టాట్ లాంటి పెద్ద గాయకుల వెనక వాయించింది వీళ్లే. జాక్సన్ బ్రౌన్ 1977లో ఒక ఆల్బమ్ మొత్తాన్ని టూర్ మీదే రికార్డు చేశాడు. కొన్ని పాటలు స్టేజీ మీద, కొన్ని హోటల్ గదుల్లో, ఒకటి నడుస్తున్న బస్సులో. అందులోనూ వీళ్లలో ముగ్గురున్నారు, కోర్చ్‌మార్, స్క్లార్, కంకెల్. తర్వాత కోర్చ్‌మార్, వాచ్‌టెల్ ఇద్దరూ రికార్డ్ ప్రొడ్యూసర్లయ్యారు. అంటే డబ్బు పెట్టే నిర్మాతలు కాదు, దగ్గరుండి రికార్డింగ్ చేయించేవాళ్లు.

అలాంటివాళ్లు డెబ్బై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్నప్పుడు, 2018లో, సొంత బ్యాండు పెట్టుకున్నారు. తాము రాసి ఇతరులకిచ్చిన పాటల్ని ఇప్పుడు తామే పాడుతున్నారు. గొంతులు గొప్పవేం కాదు. జనం టిక్కెట్టు కొని మరీ వస్తున్నారు.

లండన్‌లో ట్రెవర్ హార్న్ కూడా 2006లో ఇలాంటి పనే చేశాడు. ప్రొడ్యూసర్‌గా శిఖరం చూసినవాడు. తనలాంటి లాల్ క్రీమ్, స్టీవ్ లిప్సన్‌లను కలుపుకుని ‘ప్రొడ్యూసర్స్’ పేరుతో క్యామ్‌డెన్‌లోని ఒక చిన్న క్లబ్బులో వాయించడం మొదలుపెట్టాడు. కానీ నన్ను పట్టుకుంది అమెరికా వాళ్ల కథే.

ఎందుకంటే వాళ్లకు టిక్కెట్లు తెగడం వెనక ఒక చిన్న పని ఉంది. జేమ్స్ టేలర్ రికార్డులు చేయించిన పీటర్ ఆషర్, వాయించినవాళ్ల పేర్లన్నీ రికార్డు అట్ట మీద వేయించాడు. అంతే! ఆ అట్టలు తిరగేసి చదివిన పిల్లలు ఈ నలుగురి పేర్లూ కంఠతా పట్టారు. అంతకు ముందు తరానికి ఆ అదృష్టం లేదు. అదే లాస్ ఏంజెలెస్‌లో 1960లలో లెక్కలేనన్ని హిట్లకు వాయించిన ముఠా ఒకటుంది, ఇప్పుడు రెకింగ్ క్రూ అంటున్నారు. అట్ట మీద బొమ్మ ఒకరిది, లోపల వాయించింది వీళ్లు. పేర్లు ఎక్కడా లేవు. వాళ్లలో టామీ టెడెస్కో అనే గిటారిస్టు కొడుకు డెన్నీ, ముందు నాన్న ముఠా మీద సినిమా తీసి, తర్వాత ఈ ఇమ్మీడియట్ ఫ్యామిలీ మీద తీశాడు. ఆ కొడుకుకు నా దండం.

ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. స్క్లార్ తన బేస్ గిటార్‌కు ఒక స్విచ్ పెట్టించుకున్నాడు. దానికి లోపల వైరు ఉండదు. ప్రొడ్యూసర్ ‘సౌండు ఇంకోలా కావాలి’ అనగానే, ఆయన చూస్తుండగా ఆ స్విచ్ టక్కున తిప్పి, మళ్లీ అదే వాయిస్తాడు. ప్రొడ్యూసర్ సంతోషిస్తాడు. దాని పేరే ప్రొడ్యూసర్ స్విచ్! మా రికార్డింగ్ థియేటర్లో ఆ స్విచ్ లేదు గానీ పని మాత్రం జరిగేది. ‘ఇంకొంచెం ఫీల్ కావాలి’ అని లోపలి నుంచి మైకులో వినపడగానే, మా ఫస్ట్ వయొలిన్ ఆయన పెన్సిల్ తీసి నొటేషన్ మీద ఏదో గీసేవారు. పక్కన కూర్చుని ఆ స్టాండు పంచుకున్నవాణ్ణి కనుక నాకు తెలుసు, అది ఉత్త సున్నా. అదే బిట్ మళ్లీ వాయించేవాళ్లం. ‘ఆఁ, ఇప్పుడు వచ్చింది’ అనేవారు.

మన దగ్గర వాయించేవాళ్ల కోసం పోరాడినవాళ్లు లేకపోలేదు. మద్రాసులో సినీ మ్యుజీషియన్స్ యూనియన్ పెట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మన చిత్తూరులో పుట్టినవారే. యూనియన్ వల్ల కూలి గిట్టింది. పేరు మాత్రం గిట్టలేదు. పేరు కావాలంటే ఒక్కటే దారి, సంగీత దర్శకుడైపోవడం. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన రహ్మాన్, మణిశర్మ అలాగే పైకొచ్చారు. మణిశర్మ గారి నాన్నగారు వయొలిన్ ఆర్టిస్టు, తమన్ నాన్నగారు డ్రమ్మర్. కొడుకుల పేర్లు పోస్టర్ల మీదున్నాయి. తండ్రులు వాయించిన పాటలు ఇవీ అని వరసగా చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

రహ్మాన్‌ను మెచ్చుకోవాల్సింది ఇక్కడే. క్యాసెట్లు, సీడీల మీద వాయించినవాళ్ల పేర్లు వేయించాడు. ఫ్లూట్ నవీన్, బేస్ కీత్ పీటర్స్ అని కాలేజీ పిల్లలు కూడా చెప్పగలిగారంటే అందుకే. ఆర్టిస్టులు అంతకు ముందూ ఉన్నారు, అట్ట మీద చోటే లేదు.

ఇక మా సంగతి. విజయవాడ, గుంటూరు, తెనాలిలో స్థిరపడ్డ పాతవాళ్లం కొందరం అప్పుడప్పుడూ ఒకరింట్లో కూర్చుని వాయించుకుంటాం. వయొలిన్, గిటార్, తబలా, కీబోర్డు. ఈమధ్య ధైర్యం చేసి ఒక కళాసమితి కార్యదర్శిని కలిశాం. ఆయన మర్యాదగా కాఫీ ఇప్పించి అడిగిన మొదటి మాట ‘సింగర్ ఎవరండీ?’

‘సింగర్ లేరండీ, వాయించేవాళ్లమే.’

‘మరి పాటలు ఎవరు పాడతారు?’

‘జనానికి నోటికొచ్చిన పాటలే కదా, వాళ్లే పాడుకుంటారు’ అన్నాడు మా తబలా ఆయన. కార్యదర్శి కాసేపు ఆలోచించి, పిల్లల డాన్సులకు డ్రెస్సులు మార్చుకునే టైములో ఓ పావుగంట ఇస్తామన్నారు. మా గిటార్ మిత్రుడు కాఫీ సగంలో వదిలేసి లేచాడు. నేను తాగాను, బాగుంది.

ఆ కార్యదర్శిని తప్పుపట్టను. హాలు అద్దె, కరెంటు బిల్లు ఆయన టెన్షన్. మా ఇంటిపేర్లు కరపత్రం మీద వేస్తే ఎవరొస్తారు? అదే కరపత్రం మీద ‘ఫలానా పాటలో వీణ బిట్ వాయించినవారు’ అని వేస్తే, ఆ పాట ప్రాణంగా వినేవాళ్లు వస్తారని నా నమ్మకం.

అందుకే మిమ్మల్ని అడిగేది. మీ శీర్షికలో చివర ఒక్క లైను, ‘వాయించినవారు’ అని వేయండి. ఆడియో కంపెనీలకూ మీ ద్వారా ఇదే మనవి. యూట్యూబులో పాట కింద చాంతాడంత లింకులు పెడతారు. ఆ చాంతాడు చివర నాలుగు పేర్లు పడితే నష్టమేముంది? కొందరు కొత్త సంగీత దర్శకులు ఇప్పటికే వేస్తున్నారు. పాత పాటల సంగతే ఎవరికీ పట్టలేదు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయంటారేమో. కాఫీ వదిలేసిన ఆ గిటార్ మిత్రుడి దగ్గర కాల్షీట్ డైరీలు ఉన్నాయి. ఏ తేదీ, ఏ థియేటర్, ఏ కంపెనీ, పక్కన ఎవరు వాయించారు, అన్నీ పొందిగ్గా రాసుకున్నాడు. మీ విలేకరిని పంపితే కూర్చోబెట్టి చూపిస్తాం. సాయంత్రం పూట పంపండి, మధ్యాహ్నం ఆయన నిద్ర లేవడు. ఒక్క షరతు. ఎవరెవరు ఎంత బాకీ పెట్టారో కూడా అందులోనే రాసి పెట్టాడు. ఆ పేజీలు మాత్రం అచ్చు వేయకండి, కొందరు ఇంకా ఇస్తామనే అంటున్నారు.

ఇట్లు,
ఒక పాత వయొలిన్ ఆర్టిస్టు,
తెనాలి

(మా మేనల్లుడు ఇంకా ఫీల్డులోనే ఉన్నాడు కనుక నా పేరు వేయవద్దని మనవి. పేరు, చిరునామా విడి కాగితం మీద జతచేశాను.)