పరిశోధనల్లో ఏం తేలిందో జనానికీ చెప్పించండి

కేంద్ర విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను పదకొండేళ్లుగా సర్వే పని చేస్తున్నాను. పేరుకు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని, చేసేది గడప గడపకూ తిరిగి ప్రశ్నలు అడగడం. ఒకప్పుడు అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు, ఇప్పుడు ట్యాబ్. ఇంట్లో ఎంతమంది, నెలకు నూనె ఎంత, పిల్లవాడు ఏ బడి, అప్పు ఎంత... గంటన్నర కూర్చోబెడతాం. పని చెడిపోతోందని చాలామంది అనరు, పైగా మజ్జిగ ఇస్తారు.

రెండేళ్ల కింద నల్గొండ వైపు ఒక ఊళ్లో ఒక పెద్దమ్మ నా మెడలో ఐడీ కార్డు చూడగానే లోపలికి వెళ్లి, రేకు పెట్టెలోంచి మడతపెట్టిన కాగితం తెచ్చింది. అంతకుముందు వేరే బృందమేదో రక్తం, మూత్రం తీసుకుని ఆమె చేతికిచ్చిన సమ్మతి పత్రం అది. మడతల దగ్గర చిరిగిపోయింది. చివర ఆమె వేలిముద్ర. "రక్తం తీస్కపోయిన్రు గద బిడ్డా, ఏం తేలిందంట?" అని అడిగింది. ఆ పరిశోధన మాది కాదన్నాను. నిజమే, కానీ ఆమెకు ఆ తేడాతో పనేముంది?

ఆ కాగితం మొత్తం తెలుగులోనే ఉంది. ఉండి తీరాలి కూడా. సమ్మతి పత్రం మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలిముద్ర పడేదాకా తెలుగు. ఆ తర్వాత, ఫలితాలతో సహా, అంతా ఇంగ్లీషే.

మీ ప్రభుత్వం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పరిశోధన పత్రికలకు ప్రభుత్వమే చందా కట్టే పథకం అది. సొంతంగా చందాలు కట్టలేని ప్రభుత్వ కాలేజీల పిల్లలకు పెద్ద సాయం, కాదనను. కానీ అడ్డుపడుతున్నది డబ్బొక్కటే కాదు.

హైదరాబాద్ దగ్గరి పల్లెల సంగతే చూడండి. 1987-90 మధ్య 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనంగా పౌష్టికాహారం పెట్టారు. పక్కనున్న 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి కొలిచారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడమనే ఇబ్బందీ వాళ్లలో తక్కువగా కనిపించింది. ఈ వ్యాసం 2008లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. ఇది ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. కానీ రోజూ గరిటె పట్టుకునే అంగన్‌వాడీ ఆయాకు ఇంగ్లీషు రాకపోతే ఆ ఉచితం వల్ల ఏం లాభం?

ఇంకొకటి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 ఊళ్లలో లాటరీ తీసి, కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్లు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఆ ఫలితాలు అచ్చువేశారు. నాలుగేళ్లు గడిచినా తెలుగులో, లెక్కల్లో, చివరికి ఇంగ్లీషులో కూడా లాటరీ తగిలినవాళ్లకూ తగలనివాళ్లకూ తేడా లేదు. సర్కారు బడిలో చెప్పని హిందీ మాత్రం బాగా వచ్చింది. అలాగని సర్కారు బడి భుజాలు ఎగరేయడానికీ లేదు, ప్రైవేటులో ఒక పిల్లవాడికయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఇంగ్లీషు కోసమని వడ్డీకి తెచ్చి ఫీజు కట్టే తల్లిదండ్రుల్ని నేను వారానికి పదిమందిని చూస్తాను. ఆ మాట వాళ్ల చెవిన పడాలి కదా. విన్నాక ఏ బడికి పంపుతారో వాళ్ల ఇష్టం.

సగం సగం చెబితే జనం కంగారుపడతారని ఒక పెద్ద సారు నాతో అన్నారు. జనం టీవీలో రోజూ వింటూనే ఉన్నారు సార్. నిన్న కాఫీ గుండెకు మంచిది, ఇవాళ చెడ్డది. ఎవరి మీద చేశారో, ఎంతమంది మీద చేశారో చెప్పే నాథుడు లేడు.

నేను అడిగేది చిన్నది. ప్రభుత్వ డబ్బుతో మనుషుల మీద చేసే ప్రతి పరిశోధనకూ రెండు పేజీల సారాంశం, సమ్మతి పత్రం ఏ భాషలో ఇచ్చారో ఆ భాషలోనే రాయాలి. అది పంచాయతీ ఆఫీసుకు చేరాకే గ్రాంటు చివరి విడత విడుదల చేయండి. 'ప్రామాణిక విచలనం' అని రాసి చేతులు దులుపుకుంటే కుదరదు, అది నాకే అర్థం కాదు. వందమంది పిల్లల్ని కింది నుంచి లెక్కపెడితే యాభయ్యో వాడు అరవయ్యో చోటికి ఎక్కాడంటే మా అమ్మకు కూడా తెలుస్తుంది.

రాసేవాళ్లు లేరనకండి. 'హౌస్‌హోల్డ్' అంటే ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు అని ఇంటింటా విడమరిచేది మేమే. ప్రశ్నలను తెలుగు చేసినవాళ్లం జవాబులను చేయలేమా? రెండు రోజుల కూలి అదనంగా ఇప్పించండి చాలు.

పెద్దమ్మ కాగితం అడుగున, సందేహాలుంటే సంప్రదించమని ఒక ఫోన్ నంబరు ఉంది. అక్కడే ఆమె ముందే స్పీకర్ పెట్టి చేశాను. ఈ నంబరు వాడుకలో లేదంది.

ఇట్లు,
ఒక ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్