ఆ నోటు పుస్తకాలను పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

‘కప్పలను లెక్కపెట్టడానికి అయిదేళ్ల ఫెలోషిప్పా?’ అని ఈమధ్య ఒక పాఠకుడు మీ పత్రికకు రాసిన ఉత్తరం చదివాను. ప్రజల డబ్బుతో జరిగే పనిని నిలదీసే హక్కు ఆయనకు ఉంది. కప్పల మీదే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు విద్యార్థులకు గైడ్‌గా ఉన్నదాన్ని కాబట్టి జవాబు చెప్పడం నా బాధ్యత. దండగ జరుగుతున్న మాట నిజమే. అయితే అది ఆయన చూపించిన చోట కాదు.

ముందు ఆ లెక్క ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. చీకటి పడ్డాక తలకు లైటు కట్టుకుని నీటి అంచు వెంబడి నడవాలి. కప్ప దొరికితే ముక్కు కొస నుంచి వెనక చివర దాకా కాలిపర్స్‌తో కొలవాలి. చిన్న సంచిలో వేసి స్ప్రింగు త్రాసుకు తగిలించి తూచాలి. పట్టుకున్న చోటే వదిలిపెట్టాలి. ఒక్కో కప్పకూ కొత్త చేతి తొడుగు వేసుకోవాలి, లేకపోతే ఒకదాని చర్మం మీది శిలీంధ్రం మన చేతుల మీదుగా మరొకదానికి అంటుకుంటుంది. రాత మాత్రం పెన్సిల్‌తోనే. సిరా అయితే తడికి అలుక్కుపోతుంది.

శిలీంధ్రం ఊసు ఊరికే ఎత్తలేదు. కప్పలను చంపే కైట్రిడ్ శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 1999లో. అప్పటికే ఆస్ట్రేలియాలో, మధ్య అమెరికాలో కొన్ని జాతులు కనుమరుగైపోయాయి. పోయాయని ఎలా తెలిసింది? అంతకుముందు అవి ఎన్ని ఉండేవో ఎవరో ఓపిగ్గా చూసి రాసి పెట్టబట్టే.

పసిఫిక్ మహాసముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవి ఉంది. జీవశాస్త్రవేత్తలైన పీటర్ గ్రాంట్, రోజ్‌మెరీ గ్రాంట్ దంపతులు 1973లో అక్కడి ఫించ్ పిట్టల మీద పని మొదలుపెట్టారు. వారి విద్యార్థి పీటర్ బోగ్ వాటిని పట్టుకుని, కాళ్లకు రింగులు తొడిగి, ముక్కు మందం కొలిచి వదిలేవాడు. 1977లో వాన మొహం చాటేసింది. మెత్తని చిన్న గింజలన్నీ అయిపోయాయి. మిగిలినవి చాలావరకు పల్లేరు జాతి మొక్క కాయల్లోని గట్టి గింజలే. ఆ కరవులో నడితరం ముక్కున్న ఫించ్ జాతి నూటికి ఎనభైకి పైగా చచ్చిపోయింది. బతికినవాటిలో మందమైన ముక్కున్నవే ఎక్కువ, వాటి పిల్లలకూ అదే ముక్కు వచ్చింది. ప్రకృతి వరణాన్ని, అంటే పరిస్థితులకు సరిపోయే లక్షణం ఉన్నవే ఎక్కువగా బతికి దాన్ని పిల్లలకు అందించడాన్ని, మనిషి కళ్లారా చూసి, కొలిచి చెప్పిన గొప్ప సందర్భాల్లో అది ఒకటి. కరవు వస్తుందని తెలిసి ఎవరూ కొలవలేదు. ముందే కొలిచి ఉండటం వల్లే ఏ పిట్ట పోయిందో, ఏది నిలిచిందో తెలిసింది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవి సంగతీ అంతే. అక్కడి తోడేళ్ల మీద, మూస్ దుప్పుల మీద 1958లో అధ్యయనం మొదలుపెట్టిన డర్వర్డ్ అలెన్ దగ్గర తొలి విద్యార్థి డేవిడ్ మెక్. 1970లో విద్యార్థిగా చేరిన రోల్ఫ్ పీటర్సన్ తర్వాత దశాబ్దాల పాటు దాన్ని నడిపించాడు. ఒక దుప్పి పది పదిహేనేళ్లు బతుకుతుంది. దాని జీవితం ఒక విద్యార్థి చదువులో ఇమడదు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందితేనే ఇలాంటి పని నిలుస్తుంది.

నా బాధంతా ఇక్కడే. చాలాచోట్ల ఆ అందించడం జరగడం లేదు. పట్టా చేతికి రాగానే విద్యార్థి ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోతాడు. థీసిస్ అట్ట కట్టి గ్రంథాలయంలో చేరుతుంది. అందులో సగటులు ఉంటాయి, గ్రాఫులు ఉంటాయి. ఫలానా ఆడకప్ప మూడో ఏడాది మళ్లీ అదే గుంటకు వచ్చిందా, ఆ ఏడు మొదటి బెకబెక ఏ తేదీన వినిపించింది అనేవి మాత్రం నోటు పుస్తకంలోనే ఉండిపోతాయి. అప్పటి ప్రశ్నకు ఆ తేదీ అక్కర్లేకపోవచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత కప్పలు ముందుగానే గుడ్లు పెడుతున్నాయా అని ఎవరైనా అడిగితే పనికొచ్చేది అదొక్కటే. నేను పనిచేసిన ఒక విభాగంలో గది ఖాళీ చేయాలని పాత విద్యార్థుల నోటు పుస్తకాలను చిత్తు కాగితాల కింద అమ్మేశారు. పోయిన ఏళ్లను ఎంత డబ్బు పోసినా మళ్లీ కొలవలేం కదా!

థీసిస్‌తో పాటు క్షేత్ర నోటు పుస్తకాల నకలూ, కొలతల పట్టికలూ అప్పగించాకే పట్టా ఇవ్వాలని విశ్వవిద్యాలయాలు నియమం పెట్టాలి. ఆ సమాచారం రాబట్టిన విద్యార్థి పేరు దాని మీద ఉండాలి. అతను తన వ్యాసాలు ప్రచురించుకునే దాకా ఇతరులకు ఇవ్వకూడదు, లేకపోతే కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది అవుతుంది. అరుదైన జంతువులుండే చోట్ల వివరాలను ఎప్పటికీ బయటపెట్టకూడదు, వేటగాళ్లకు దారి చూపినట్లవుతుంది. వీటిని చూసుకోవడానికి గ్రంథాలయంలో ఒక ఉద్యోగిని నియమిస్తే చాలు. ఇక ఫెలోషిప్ ఇచ్చే సంస్థలు కొత్త ప్రశ్నలకే కాకుండా, పాత విద్యార్థి కొలిచిన చోటే మళ్లీ కొలుస్తానని వచ్చేవారికీ డబ్బు ఇవ్వాలి. ‘ఇందులో కొత్తేముంది?’ అంటూ అలాంటి దరఖాస్తులను పక్కన పెట్టే అలవాటు మానుకోవాలి.

ఉత్తరం రాసిన పాఠకుడికి నాదొక విన్నపం. లెక్క అడగడం మానకండి. ఈసారి మాత్రం, అయిదేళ్లు లెక్కపెట్టిన ఆ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడున్నాయని అడగండి.

– ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు