మూడు వారాలు ఆడే వీలు కల్పించిన పాలమూరు మిత్రులకు కృతజ్ఞతలు

మహబూబ్‌నగర్‌లో రాకెట్ పట్టి ప్రొఫెషనల్ టెన్నిస్ దాకా వెళ్లిన మన పిలగాడికి కష్టకాలంలో ఆసరా అయిన ప్రతి ఒక్కరికీ టెన్నిస్ మిత్రులందరి తరఫున నమస్కారాలు. మీ డబ్బు ఎట్లా పనికొచ్చిందో చెప్పడం మా బాధ్యత.

ఎం15 టోర్నీలో (ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అన్నిటికంటే కింది మెట్టు పురుషుల పోటీ) మొదటి రౌండ్‌లో ఓడితే వచ్చేది 156 డాలర్లు. కప్పు గెలిచినా 2,160. అందులో పన్ను కోత. టికెట్టు, గది, తిండి అన్నీ ఆటగాడివే. ఒక్క వారం కోసం విమానమెక్కితే ఆ ఖర్చంతా మొదటి మ్యాచ్ మీదే పడుతుంది. మొదటి సర్వ్ తప్పాక మిగిలే చివరి అవకాశం, ఆ సెకండ్ సర్వ్‌కు చెయ్యి బిగుసుకునేది అందుకే. మీ సాయంతో టునీషియాలోని మొనాస్టిర్‌లో వరుసగా మూడు వారాలు ఆడగలిగాడు. అక్కడ వారం వెంట వారం ఇవే పోటీలు జరుగుతుంటాయి కాబట్టి ఒకటే టికెట్టు, ఒకటే గది, అవే హార్డ్ కోర్టులు. మొదటి వారం తొలి మ్యాచ్‌లోనే ఓడాడు, అయినా మర్నాడు పొద్దున అదే కోర్టు మీద ప్రాక్టీసు చేశాడు. రెండో వారం ఒక మ్యాచ్ గెలిచి 1 పాయింటు, మూడో వారం సెమీస్ చేరి 4 పాయింట్లు తెచ్చుకున్నాడు.

అయిదేనా అనుకోకండి. ప్రపంచ ర్యాంకు తేల్చేది ఈ ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) పాయింట్లే, ఒక్కో పాయింటు 52 వారాలకు రాలిపోతుంది. నిరుడు వచ్చినవి ఇప్పుడే పోతున్నాయి. ర్యాంకు జారితే మెయిన్ డ్రా, అంటే అసలు పోటీ బదులు, అందులో చోటు కోసం ముందు జరిగే క్వాలిఫయింగ్ ఆడాలి. ఎం15 క్వాలిఫయింగ్‌లో గెలిస్తే ఏటీపీ పాయింటు ఒక్కటీ రాదు.

గట్టింగ్ (రాకెట్‌కు గట్ తీగలు అల్లడం) చేసిన అన్నకు ప్రత్యేకంగా దండం. పాలియెస్టర్ గట్ తెగదు గానీ ఎనిమిది, పది గంటల ఆటకే బిగువు తగ్గుతుంది. పైసలు మిగులుతాయని తెగేదాకా దానితోనే ఆడితే బంతి బేస్‌లైన్ దాటి పోతుంది. లోపం చేతిదేననుకుని ఆటగాడు స్వింగ్ కుదించుకుంటాడు, చూసేవాళ్లు ఫామ్ పోయిందంటారు. అన్న 200 మీటర్ల రీలు ఇప్పించారు. రాకెట్‌కు 12 మీటర్ల చొప్పున 16 సార్లకు సరిపోతుంది, అక్కడ అల్లే కూలి ఇస్తే చాలు. ప్రతి రాకెట్ మెడ దగ్గర టేపు ముక్క అంటించి తేదీ, బిగువు 50 పౌండ్లు అని రాశారు. ఎప్పుడు మార్చాలో ఇక వెతుక్కోనక్కర్లేదు.

సముద్రపు గాలికి సర్వ్‌లో బంతి పైకి విసిరే టాస్ కిందికి దించమనీ, సెకండ్ సర్వ్‌లో చేతి వేగం తగ్గించకుండా స్పిన్ పెంచమనీ కోచ్ సారు రోజూ వంద సర్వ్‌లు చేయించారు. కాగితాలన్నీ ఆడిటర్ సారు చూసుకున్నారు. ఎంట్రీ గడువు టోర్నీ సోమవారానికి 18 రోజుల ముందు గురువారం. ఆ తర్వాతే ఎవరికి చోటు దక్కిందో జాబితా వస్తుంది. జాబితా చూసి వీసాకు పరుగెత్తితే అందదు. ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందే సిద్ధంగా ఉండాలి. తర్వాతి విడత యూరప్‌లో. యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, ఆ పని మొదలైంది.

బ్యాంకులో 900 యూరోలే ఉన్నాయని 2023లో చెప్పిన మన దేశపు టెన్నిస్ ఆటగాడు సుమిత్ నాగల్, ఆదుకునేవాళ్లు దొరికాక 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్ కజకిస్తాన్ ఆటగాడు బుబ్లిక్‌ను ఓడించాడు. సాయం విలువ మాకు అక్కడ కనిపిస్తుంది.

ఖర్చుల రసీదులన్నీ మా దగ్గరున్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఇంకా ఇవ్వాలనుకునేవాళ్లు ప్రాక్టీసుకు బంతుల డబ్బాలు ఇచ్చినా సంతోషం. సీలు తీస్తే లోపలి ఒత్తిడి తగ్గి బంతి ఎగరదు కాబట్టి తెరవని డబ్బాలే ఇవ్వండి.