చనుమొన స్రావం: మందు చీటీ కన్నా ముందు పరీక్ష కావాలి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

చనుమొన నుంచి కారిన రక్తపు మరకను లోదుస్తుల మీద చూసుకున్న స్త్రీ ఆ సంగతి చెప్పుకోవడానికి నెలల తరబడి తటపటాయిస్తుంది. తీరా ధైర్యం చేసి వస్తే, రొమ్ము చూడకుండానే యాంటీబయాటిక్ రాసి పంపేసే చోట్లు ఉన్నాయి. ఇది ఆగాలనే ఈ లేఖ.

స్రావం కనిపించగానే క్యాన్సర్ అని బెంబేలు పడనక్కర్లేదు. రెండు రొమ్ముల నుంచీ, నొక్కితేనే, పాలలాగానో ఆకుపచ్చగానో వస్తే చాలావరకు ప్రమాదం లేదు. ఒకే రొమ్ములో, ఒకే పాల నాళం నుంచి, దానంతట అదే, రక్తంలానో నీళ్లలానో కారితే మాత్రం వదిలేయకూడదు. అలాంటప్పుడు కూడా ఎక్కువగా బయటపడేది నాళంలో పెరిగే పాపిలోమా అనే చిన్న గడ్డే. అది క్యాన్సర్ కాదు. అయితే కొందరిలో క్యాన్సరే ఉంటుంది.

ఈ తేడా పసిగట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చనుమొన చుట్టూ ఒక్కో చోటా మెల్లగా నొక్కుతూ పోతే చుక్క ఏ నాళం నుంచి వస్తోందో తెలుస్తుంది. దాన్ని తెల్లని గాజుగుడ్డకు అద్దితే, నల్లగా కనబడినది రక్తమో ముదురు ఆకుపచ్చో తేలిపోతుంది. తెర కట్టిన ఒక మూల, తొందరపెట్టని నర్సు ఉంటే చాలు.

అనుమానం ఉంటే 30 ఏళ్లలోపు వారికి ముందు అల్ట్రాసౌండ్, 40 దాటితే మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) కూడా చేయాలి. పురుషుల్లో స్రావం ఏ వయసులో వచ్చినా పరీక్షించాల్సిందే. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది, స్రావంలో ‘క్యాన్సర్ కణాలు లేవు’ అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా పంపేయడం. ఆ రిపోర్టు క్యాన్సర్ లేదనడానికి హామీ కాదు. స్కానింగ్‌లో తేడా కనిపిస్తే బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయాలి. ఏమీ కనిపించకపోయినా స్రావం ఆగకపోతే ఎమ్మారై, అవసరమైతే ఆ ఒక్క నాళాన్ని తీసేసే శస్త్రచికిత్స ఉన్నాయి.

బిడ్డకు పాలివ్వని వారిలో పాలు వస్తుంటే గర్భం, ప్రొలాక్టిన్ (పాలు వచ్చేలా చేసే హార్మోన్), థైరాయిడ్ పరీక్షలు చేయాలి. వాడుతున్న మందులూ అడగాలి. వాంతులకు వేసుకునే డోంపెరిడోన్ వల్ల కూడా ఇలా జరగవచ్చు.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఈ తొలి పరీక్షపై ఒక్క పేజీ మార్గదర్శకం పంపండి, సిబ్బందికి శిక్షణ ఇప్పించండి. పెద్దాసుపత్రికి పంపే చీటీ మీదే స్కానింగ్ తేదీ రాసి ఇచ్చే ఏర్పాటు చేయండి. తేదీ తెలియక మధ్యలోనే ఆగిపోతున్నవారు ఉన్నారు.

భవదీయురాలు,
రొమ్ము వైద్య విభాగంలో పనిచేస్తున్న ఒక నర్సు