శుభ్రతా మార్కులు గుమ్మం మీదే కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాదు హోటళ్లలో ఆహార భద్రతాధికారుల తనిఖీల గురించి మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. పత్రికలో పడ్డ నాలుగు రోజులకే ఆ సంగతి అందరూ మరిచిపోతారు. మొన్న మా వీధి చివరి టిఫిన్ సెంటర్‌లో లైసెన్సు పత్రం పటం కట్టి గోడకు వేలాడుతుండగా, సరిగ్గా దాని కిందే ఎంగిలి ప్లేట్లను ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసి, నల్లబడిన గుడ్డతో తుడిచి, వాటిలోనే మాకు ఇడ్లీలు పెట్టారు. ఆ పత్రం మీది 14 అంకెల నంబరు వ్యాపారానికి అనుమతి ఉందని చెబుతుందే తప్ప వంటగది ఎలా ఉందో చెప్పదు.

కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ హైజీన్ రేటింగ్ పథకం తెచ్చిన మాట నిజమే కానీ, అది స్వచ్ఛందం కావడంతో శుభ్రంగా ఉన్నవారే ముందుకు వస్తారు. మనం భయపడాల్సిన వంటగదుల సంగతి బయటికే రాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 నవంబరు నుంచి, 0 నుంచి 5 వరకు ఎంత వచ్చినా సరే, ఆ రేటింగును ప్రవేశద్వారం దగ్గర అతికించడం చట్టరీత్యా తప్పనిసరి. ఫోనులో అడిగినా చెప్పి తీరాలి. పక్కనున్న ఇంగ్లండులో మాత్రం అతికించడం యజమాని ఇష్టం.

పచ్చి గుడ్డు మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించిన తెలంగాణ ప్రభుత్వం అదే చొరవతో, తనిఖీలో వచ్చిన మార్కును గుమ్మం వద్దా, డెలివరీ యాప్‌లలో ధర పక్కనా చూపేలా ఆదేశించాలి. లోపాలు దిద్దుకున్న చిన్న హోటళ్లు త్వరగా మళ్లీ తనిఖీ కోరే వీలు కూడా కల్పించాలి.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్