ఇంట్లో జిమ్‌కి ప్లేట్లు కొనేవాళ్లకి

అందరికీ నమస్కారం. ప్లేట్లు కొందామనుకుంటున్న తమ్ముళ్లు ముందు తమ రాడ్డు మందం కొలుచుకోండి. పోటీల్లో వాడే ఒలింపిక్ రాడ్డు చివర్లు 50 మిల్లీమీటర్లు, ఇళ్లలో వాడే మామూలు రాడ్లు సుమారు 25 నుంచి 30. ప్లేటు మధ్య కన్నం రాడ్డు కంటే మరీ పెద్దదైతే ప్లేటు లొడలొడలాడి, ఎత్తేటప్పుడు బరువు ఒక పక్కకి లాగుతుంది.

సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చవకే కానీ బాగా లావు, కొన్ని ఎక్కించేసరికే రాడ్డు నిండిపోతుంది. పోత ఇనుమే తీసుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. కన్నం చుట్టూ వేలితో తడిమి చూడండి. సన్నటి పగులు తగిలినా వద్దనేయండి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. గచ్చు మీద పడెయ్యకండి, కింద రబ్బరు మ్యాట్ ఉండాలి. 10 అని అచ్చు ఉంటే చాలదు, కాటా వేయించండి. జతలో రెండూ సమానంగా తూగాలి.

2.5, 1.25 కిలోల జతలు మాత్రం మరవద్దు, బరువు మెల్లగా పెంచాలంటే అవే దిక్కు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి గారు మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఆ రోజుల్లో పోటీల్లో కూడా బరువు పెంచేది రెండున్నర కిలోల లెక్కనే.

కళింగపట్నం, బారువ వైపు వాళ్లకి ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. వైరు బ్రష్‌తో గీకి, పల్చగా మెషిన్ ఆయిల్ రాయండి. ఆదివారం శ్రీకాకుళం వచ్చేవాళ్లు చెప్పండి, కలిసే వెళ్లి చూద్దాం.