మా డేరాలోని పదకొండుమంది పిల్లల హాజరు గురించి: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి,

నేను పదిహేడేళ్లు సర్కస్‌లో ఊయల మీద పనిచేసి, భుజం దెబ్బతిన్నాక అదే సర్కస్‌లో టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటున్నదాన్ని. నా భర్త డేరా మేస్త్రీ. మా ఇద్దరు పిల్లలతో కలిపి మా డేరాలో బడి వయసు పిల్లలు పదకొండుమంది ఉన్నారు. వారి పేర్లు ఏ బడి రిజిస్టరులోనూ నిలవకపోవడం గురించే ఈ విన్నపం.

మేము ఒక ఊళ్లో ఉండేది ఇరవై రోజులు, జనం బాగా వస్తే నెల. నిరుడు సంక్రాంతి వెళ్లాక పాలకొండలో డేరా వేసి, పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, నర్సీపట్నం మీదుగా తునికి చేరేసరికి వేసవి సెలవులు వచ్చాయి. ఆఖరి రోజు ఏడు గంటల ఆట విడిచాక ముందు కుర్చీలు, తరువాత గ్యాలరీ పలకలు, వల, చివరికి డేరా విప్పి, తెల్లవారేలోగా మేకులు పెరికి లారీలకు ఎత్తుతారు. పిల్లలు దుస్తుల పెట్టెల మీద నిద్రపోయి మరో ఊళ్లో లేస్తారు. పుస్తకాల సంచులను మాత్రం అన్నిటికన్నా పైన పెట్టుకుంటాము, ఎందుకంటే అవి అడుగున పడితే రెండు రోజులదాకా దొరకవు.

మా అబ్బాయి అయిదో తరగతి. కొత్త మైదానంలో వాళ్ల నాన్న నడుమ మేకు పాతి, 21 అడుగుల తాడు చివర ముగ్గుపిండి పట్టుకుని రింగు గీస్తుంటే, తాడు ఎక్కడ వదులైందో వాడు దూరంనుంచే చెబుతాడు. వ్యాసార్థం అన్న మాట తెలియకపోయినా 42 అడుగుల గుండ్రం వంకర లేకుండా ఎలా వస్తుందో వాడికి తెలుసు. అటువంటివాడు భిన్నాల దగ్గర ఆగిపోయాడు. ఒక బడిలో ఆ పాఠం ఇంకా మొదలుకాకముందే మేము కదిలాము, తరువాతి బడికి వెళ్లేసరికి అది అయిపోయింది. సొంత ఊరి గురించి రాయమన్న వ్యాసం మాత్రం మూడు బళ్లలో రాశాడు, మూడుసార్లూ వేరువేరు ఊళ్ల పేర్లు పెట్టాడు.

నేను తొమ్మిదేళ్ల వయసులో వల మీద దూకడం నేర్చుకున్నాను. ఇప్పుడు అది కుదరదు. 2011లో సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లలను పెట్టుకోరాదన్నది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, సినిమాలలో, సీరియళ్లలో నటించే పిల్లలకు ఇచ్చిన మినహాయింపునుంచి కూడా సర్కస్‌ను వేరుచేశారు. అది మంచిదేనని నా భుజమే సాక్ష్యం చెబుతుంది. అయితే రింగులోకి రాకూడదన్న పిల్లలను బడిలో నిలిపే ఏర్పాటు ఎవరూ చేయలేదు గనుక, ఒంటిగంట ఆట వేళ వారిలో సగంమంది డేరా వెనుక జనరేటరు పక్కన ఆడుకుంటూ ఉంటారు.

ప్రధానోపాధ్యాయులలో చాలామంది దయగలవారు. పిల్లలను కూర్చోబెట్టుకుంటారు, మధ్యాహ్నం భోజనం పెడతారు. చిక్కంతా కంప్యూటరుతోనే వస్తున్నది. పాత బడివారు పేరును డ్రాప్‌బాక్సులో, అంటే బడి మారే పిల్లల పేర్లు ఉంచే కంప్యూటరు జాబితాలో, వేస్తేగాని కొత్త బడివారు దానిని తమ జాబితాలోకి తీసుకోలేరు. ఒక ఊళ్లో మా అమ్మాయిని టీసీ వచ్చేదాకా తరగతిలోకి రావద్దన్నారు. నాలుగు రోజులు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, లోపల చెబుతున్న పాఠాన్ని విన్నంతమేర రాసుకున్నది. పాత బడి పెద్దసారు సెలవునుంచి తిరిగివచ్చి పేరు వదిలే నాటికి పదహారు రోజులు గడిచాయి. ఆ వారాంతంలోనే మా డేరా దిగిపోయింది. పిల్లవాడు బడి మారితే టీసీ వెంటనే ఇవ్వాలనీ, అది ఆలస్యమైనంత మాత్రాన చేర్చుకోవడం ఆపరాదనీ 2009 నాటి విద్యాహక్కు చట్టం అయిదో సెక్షనులోనే ఉన్నదని నాకు తరువాత ఒక ఉపాధ్యాయురాలు చూపించారు.

ఇక హాజరు. పిల్లలు రోజూ ఏదో ఒక బడికి వెళ్లినా, కాగితం మీద ఏ ఒక్క బడిలోనూ 75 శాతం చేరదు కనుక, పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం మాకు అందదు. ఆ డబ్బు కోసం అడగడం లేదని అబద్ధం చెప్పను. వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి కదా అంటారు. అవి సొంత ఊళ్లో పిల్లలను విడిచి వెళ్లేవారికి పనికివస్తాయి. మాకు విడిచి వెళ్లడానికి ఊరేది?

మేము కోరేది కొత్త బడి కాదు. పిల్లవాడి పేరు ఏదైనా ఒక ప్రభుత్వ బడిలో ఏడాదంతా కదలకుండా ఉండి, డేరా వేసిన ప్రతి ఊళ్లోనూ అతడిని అతిథి విద్యార్థిగా కూర్చోబెట్టుకుని, అక్కడి హాజరును, విద్యార్థికి గుర్తింపుగా ఇచ్చే పన్నెండంకెల అపార్ సంఖ్య మీద సొంత బడికి పంపేలా ఒక ఉత్తర్వు ఇప్పించండి. ఏ పాఠం ఎంతవరకు అయిందో టీచరు రాసి సంతకం చేసే చిన్న పుస్తకం ఒకటి పిల్లవాడి చేతిలో ఉంటే భిన్నాలు ఎక్కడ తప్పిపోయాయో తరువాతి టీచరుకు తెలుస్తుంది. మహారాష్ట్రలో చెరకు కోతకు వలసపోయే కుటుంబాల పిల్లలకు శిక్షణ హమీ కార్డు, అంటే చదువుకు హామీ ఇచ్చే కార్డు, ఇచ్చే ఏర్పాటు ఉంది.

మరొక్క మాట. డేరా వేయాలంటే తహశీల్దారు, పోలీసు, అగ్నిమాపక శాఖ, కరెంటు ఆఫీసు, అందరి అనుమతీ కావాలి. ఏనుగులు ఉన్నాయా, జనరేటరు ఎంతది అని దరఖాస్తులో అడుగుతారు గాని పిల్లలు ఎందరని ఎవరూ అడగరు. ఆ ఒక్క గడి చేర్చి, ఒక ప్రతి మండల విద్యాశాఖాధికారికి వెళ్లేటట్లు చేస్తే, మేము వచ్చేసరికే బడిలో మా సంగతి తెలిసి ఉంటుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారు సర్కస్ పెట్టకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులుగా ఉండేవారు. కనుక బడికీ సర్కస్‌కూ మన వైపు చుట్టరికం కొత్తదేమీ కాదు.

దసరా సెలవులు అయ్యాక మా డేరా బొబ్బిలి మైదానంలో ఉంటుంది. దరఖాస్తు ఇప్పటికే ఇచ్చాము. అందులో గడి లేకపోయినా, వెనుకవైపు పదకొండుమంది పిల్లల వయసులూ తరగతులూ నా చేత్తో రాసి జతచేశాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక సర్కస్ కార్మికురాలు